నీళ్ళ క్యానుకు అనుమతి: త్వరపడవలసినదెచ్చట, ఆగవలసినదెచ్చట?

గాజువాకలో తెల్లవారగనే వీధులలో నీళ్ళ క్యానుల బండి తిరుగును. 20 లీటర్ల క్యానులను వరుసగా పేర్చుకొని వచ్చిన ఆ బండి మలుపులో ఆగగనే నిండు క్యాను ఇంటిలోనికిని, ఖాళీ క్యాను బండిలోనికిని పోవును. ఆటోనగరులోని కర్మాగారములలో పనివారు, దుకాణములలో గుమాస్తాలు, పాఠశాలలలో పిల్లలు పెక్కుమంది ఈ నీటినే త్రాగుదురు. కూరగాయలు కొనునప్పుడు వంకాయను త్రిప్పి పుచ్చు ఉన్నదేమోయని చూచు ఇల్లాలు ఈ క్యానును త్రిప్పి చూడదు. చూచినను ప్రయోజనము లేదు. నీటిలోని పుచ్చు కంటికి కనబడునది కాదు.

కావుననే వంకాయకు అక్కరలేని ఏర్పాటొకటి నీటికి కావలసివచ్చినది. కొనువానికి బదులుగా మరియొకరు ముందే పరీక్షించి, ఇది త్రాగదగినదని చెప్పవలెను. ఇట్లు చెప్పుటకే అనుమతి యని పేరు. క్యాను నీరే కాదు. నీటిని శుద్ధిచేయు క్రొత్త యంత్రము, క్రొత్త వడపోత పదార్థము, నీరు పారు గొట్టము, నీరు నిలువయుండు పాత్ర, అన్నిటికిని ఈ ప్రశ్న ఉన్నది. అనుమతికి పట్టు కాలము ఎక్కువైనచో తయారుచేయువారు కష్టపడుదురు. తక్కువైనచో త్రాగువారు కష్టపడుదురు. ఇటీవల దేశములో జరిగిన మార్పొకటి ఈ రెండు కష్టములను ఎదురెదురుగా నిలిపినది.

2024లో జరిగిన మార్పు

సీసాలలోను, క్యానులలోను సీలువేసి అమ్ము నీటికి భారతీయ ప్రమాణముల సంస్థ ధ్రువీకరణ తప్పనిసరియని 2001 మార్చిలో నియమము ఏర్పడినది. సాధారణమైన ప్యాకేజీ నీటికి ఐ.ఎస్. 14543, సహజమైన ఖనిజజలమునకు ఐ.ఎస్. 13428 అను ప్రమాణములు వర్తించును. క్యానుపైన జనులు చూచు ఐ.ఎస్.ఐ. ముద్ర ఈ ధ్రువీకరణకు గుర్తు. తరువాత ఆహార భద్రత, ప్రమాణముల చట్టము వచ్చి, ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అని పిలువబడు ప్రాధికార సంస్థ ఏర్పడినది. నాటినుండి నీళ్ళ వ్యాపారికి రెండు గుమ్మములు ఎక్కవలసివచ్చినది. ఒకచోట లైసెన్సు, మరియొకచోట ముద్ర. రెండు రుసుములు, రెండు తనిఖీలు, రెండు కాగితపు కట్టలు.

2024 అక్టోబరులో ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. తన నిబంధనలను సవరించి, ముద్ర తప్పనిసరి యను నియమమును తొలగించెను. అదే సంవత్సరము నవంబరు 29వ తేదీన మరియొక ఉత్తరువు వెలువడెను. దాని ప్రకారము ప్యాకేజీ నీరు, ఖనిజజలము అధిక ప్రమాదముగల ఆహార వర్గములో చేరినవి. కావున లైసెన్సు ఇచ్చుటకు ముందు తనిఖీ జరుగవలెను. ఆపైన ఏటేట తనిఖీ జరుగవలెను. కేంద్ర లైసెన్సు గల సంస్థలు ఏటేట బయటి ఆడిట్ సంస్థచే కూడ పరీక్ష చేయించుకొనవలెను.

మొదటి ఉత్తరువు ఒక తలుపు తీసినది. రెండవది ఆ తలుపు ప్రక్కన కావలివానిని నిలిపినది. ఈ రెండింటిని కలిపి చూచినగాని మార్పు మంచిదో చెడ్డదో తేల్చుటకు వీలులేదు. ముద్ర పోయినది గనుక భద్రత పోయినదని వాపోవుట తొందరపాటు. ఒక గుమ్మము తగ్గినది గనుక అంతయు సుఖమే యనుటయు తొందరపాటే. తేల్చవలసిన విషయము వేరొకటి యున్నది. అనుమతికి పట్టు కాలములో ఏ భాగము కాగితమునకు చెందినది, ఏ భాగము ప్రకృతికి చెందినది?

ఆలస్యము కూడ హాని చేయును

అనుమతి ఆలస్యమైన కొలది భద్రత పెరుగునని కొందరు తలచుదురు. ఇది నిజము కాదు. ఇందుకు సాక్ష్యము తెలుగుదేశములోనే ఉన్నది.

నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములలో ఎముకలు బిగిసి, నడుములు వంగి బాధపడువారిని పరిశీలించి, ఆ వ్యాధికి త్రాగునీటిలోని ఫ్లోరైడు కారణమని షార్ట్ అను వైద్యుడును, ఆయన సహచరులును 1937లో ప్రకటించిరి. ఈ దేశములో ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి వెలువడిన తొలి శాస్త్రీయ వివరణ ఇదే. తరువాతి కాలములో నల్లగొండ పేరు ఈ వ్యాధితో ముడిపడినది. ఫ్లోరైడు ఒక్కనాటిలో చంపునది కాదు. ఏండ్ల తరబడి ఎముకలో పేరుకొని మనిషిని వంచును. ఒకసారి వంగిన ఎముక మరల నిటారు కాదు.

ఇట్టి గ్రామములో ఫ్లోరైడును తీసివేయు క్రొత్త సాధనమొకటి కార్యాలయములో సంతకము కొరకు వేచియున్నదనుకొందము. వేచియున్నంతకాలము ఆ ఊరివారు పాత నీటినే త్రాగుచుందురు. కాగితము కదలని ప్రతి నెలయు వారి ఎముకలలో లెక్కకు వచ్చును. కనుక త్వరపడవలెనను కోరిక వ్యాపారి కోరిక మాత్రమే కాదు. రోగి కోరిక కూడ.

అయినను ఈ కథకు రెండవ భాగము కలదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970 ప్రాంతములలో నల్లగొండ పద్ధతి యని పేరుగాంచిన విధానమును రూపొందించిరి. నీటిలో పటిక, సున్నము, బ్లీచింగు పొడి తగుపాళ్ళలో కలిపి కదిపినచో తెల్లని మడ్డి ఏర్పడును. ఫ్లోరైడులో కొంతభాగమును ఆ మడ్డి పట్టుకొని అడుగునకు చేరును. పద్ధతి చౌక, పదార్థములు పల్లెటూరిలోను దొరకును. అయితే పటిక అల్యూమినియము లవణము. పాళ్ళు తప్పినచో ఫ్లోరైడు తగ్గిన నీటిలో అల్యూమినియము మిగులును. త్రాగునీటి ప్రమాణమైన ఐ.ఎస్. 10500 అల్యూమినియమునకు లీటరుకు 0.03 మిల్లీగ్రాములను ఆమోదయోగ్యమైన పరిమితిగాను, వేరు ఆధారము లేనప్పుడు 0.2 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగాను నిర్ణయించినది. ఒక విషమును తీయబోయి మరియొకదానిని కలుపరాదు గదా! కావున పరీక్షలో రెండు ప్రశ్నలు ఉండవలెను. ఈ సాధనము తీసివేసినదెంత? తాను కలిపినదెంత? మొదటి ప్రశ్నకు తయారుచేసినవాడు సంతోషముగా జవాబు చెప్పును. రెండవ ప్రశ్నకు జవాబు రాబట్టుటకే అనుమతి యను ఏర్పాటు.

తొందరించిన తొందరపడనివి

అనుమతికి పట్టు కాలములో కొంతభాగము దరఖాస్తు బల్లపై పడియుండుటకును, నమూనా తన వంతు కొరకు వేచియుండుటకును, ఒకేపరీక్ష రెండుచోట్ల జరుగుటకును చెల్లును. ఇది కాగితపు కాలము. దీనిని ఎంత తగ్గించినను నీటికి నష్టము లేదు. రెండవది పరీక్షలోనే ఇమిడియున్న కాలము. దీనిని ఏ అధికారియు ఉత్తరువుతో తగ్గింపజాలడు.

సూక్ష్మజీవుల లెక్కనే చూడుడు. ఐ.ఎస్. 14543 ప్రకారము 250 మిల్లీలీటర్ల నీటిలో ఇ. కోలై గాని, ఇతర కోలిఫారములు గాని ఒక్కటియు ఉండరాదు. ఇవి గాక సాధారణ సూక్ష్మజీవుల సంఖ్యకు పరిమితి యున్నది. 37 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 24 గంటలు పెంచినప్పుడు మిల్లీలీటరుకు 20కి, 20 నుండి 22 డిగ్రీల వద్ద 72 గంటలు పెంచినప్పుడు 100కు మించరాదు.

ఈ 24 గంటలు, 72 గంటలు ఎచ్చటినుండి వచ్చినవి? ఒక సూక్ష్మజీవి కంటికి కనబడదు. అది రెండై, నాలుగై, ఎనిమిదై, కోటికి పైబడిన గుంపు అయినప్పుడే పోషక పదార్థముపైన చిన్న చుక్కవలె కనబడును. 2ను 24 సార్లు హెచ్చించిన 1,67,77,216 వచ్చును. అనగా 24 తరములు గడువవలెను. అన్నియు అనుకూలించినప్పుడు ఇ. కోలై 20 నిమిషములకొకసారి రెండగును గనుక 24 తరములకు 8 గంటలు చాలును. కాని క్లోరినుచేతనో, ఓజోనుచేతనో దెబ్బతిని, చావక బ్రతికిన సూక్ష్మజీవి వెంటనే పెరుగదు. ముందు కోలుకొనవలెను. చల్లని నీటికి అలవాటుపడిన జాతులు మరింత మెల్లగా పెరుగును. వాటి కొరకే 72 గంటలు. మూడవనాడు కనబడవలసినదానిని మొదటినాడే చూచి, ఏమియు లేదని వ్రాసినచో అది పరీక్ష కాదు. విత్తిన మరునాడే పొలము చూచి పంట లేదనుట వంటిది.

పాత్ర విషయములోను ఇట్టిదే యున్నది. సీసా గాని, క్యాను గాని నీటిని మోయుటయే గాక, తనలోని పదార్థములను కొద్దికొద్దిగా నీటిలోనికి వదలును. ఇట్లు ఊరునవి ఎంతయో తెలిసికొనుటకు పాత్రలో తగిన ద్రవమును పోసి 40 డిగ్రీల వద్ద 10 దినములు ఉంచి, తరువాత కొలుతురు. మొత్తము లీటరుకు 60 మిల్లీగ్రాములకు మించరాదు.

ఇచ్చట విద్యార్థులు ఒక సంగతి గమనింపవలెను. సీసా అంగడిలో నెలల తరబడి నిలువయుండవచ్చును. పరీక్ష మాత్రము 10 దినములే. అనగా కాలమును కుదించు పనిని శాస్త్రమే ముందుగా చేసియున్నది. ఉష్ణోగ్రత పెంచినచో చర్య వేగము పెరుగునను సంబంధమును స్వీడను దేశపు రసాయనవేత్త అర్హీనియస్ 1889లో సూత్రీకరించెను. వేడిని పెంచి కాలమును తగ్గించుట తప్పు కాదు. అయితే దానికొక షరతు కలదు. ఏ పదార్థము వేడికి ఎంత స్పందించునో ముందే తెలిసియుండవలెను.

10 డిగ్రీలు పెరిగిన వేగము రెండింతలగునని బడిలో చెప్పు సూత్రము అన్నిచోట్ల చెల్లదు. అమెరికాలో అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించిన పరిశోధనను చూడుడు. పెట్ ప్లాస్టిక్కు సీసాలనుండి ఆంటిమొనీ అను మూలకము నీటిలోనికి ఊరి, ఆ దేశపు పరిమితియైన లీటరుకు 6 మైక్రోగ్రాములను దాటుటకు 60 డిగ్రీల వద్ద 176 దినములు పట్టునని, 70 డిగ్రీల వద్ద 12 దినములు, 80 డిగ్రీల వద్ద 2.3 దినములు చాలునని వారు లెక్కించిరి. 60 నుండి 70కి పోగానే కాలము రెండవ వంతు కాదు, సుమారు పదిహేనవ వంతు అయినది! బడి సూత్రమును నమ్మి పరీక్షను కుదించినవాడు ఇచ్చట దారుణముగా పొరపడును. వేసవిలో గాజువాక వీధిలో, మూతలేని బండిపైన మధ్యాహ్నపు ఎండలో నిలిచిన నీటి సీసాలకు ఈ లెక్క కేవలము పుస్తకపు లెక్క కాదు. అట్టి సీసా ఒక మధ్యాహ్నములో విషమగునని దీని అర్థము కాదు. నీడలో చేసిన పరీక్ష ఎండకు సాక్ష్యము చెప్పదని మాత్రమే అర్థము.

ముద్ర సర్వరోగ నివారిణి కాదు

పాత పద్ధతిని విడిచినందుకు విచారించువారు 2003 సంవత్సరమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఆ ఫిబ్రవరిలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అను సంస్థ, ముద్రగల సీసాల నీటిలో క్రిమిసంహారక మందుల అవశేషములు ఉన్నవని ప్రకటించెను. దేశమంతట కలకలము రేగెను.

ముద్ర వేసినవారు అబద్ధమాడిరా? అక్కరలేదు. నాటి ప్రమాణములో క్రిమిసంహారకములు, నిర్ణీత పద్ధతిలో పరీక్షించినప్పుడు, కనిపెట్టదగిన స్థాయికి లోబడి యుండవలెనని యున్నది. ఆ నిర్ణీత పద్ధతులే మొద్దువి. కూరగాయల కాటాతో బంగారము తూచినట్లు! కాటా ముల్లు కదలలేదు గనుక బంగారము లేదని వ్రాసిరి. లేదు అనుట వేరు, కనబడలేదు అనుట వేరు. విజ్ఞానశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు మొదట నేర్వవలసిన భేదమిది.

ఆ కలకలము వృథా కాలేదు. అదే సంవత్సరము జూలైలో ప్రభుత్వము నియమము మార్చెను. ఒక్కొక్క క్రిమిసంహారకము లీటరుకు 0.0001 మిల్లీగ్రాము, అన్నియు కలిసి 0.0005 మిల్లీగ్రాము మించరాదని అంకెలలో వ్రాసిరి. 2004 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చెను. మొదటి అంకె వెయ్యికోట్ల పాళ్ళలో ఒక పాలునకు సమానము. ఇంత చిన్న పాలును పట్టుకొను యంత్రములు, వాటిని నడుపగల నిపుణులు ఉన్నప్పుడే ఆ అంకెకు విలువ.

కనుక ముద్ర యున్నంత మాత్రమున నీరు మంచిదని గాని, ముద్ర పోయినంత మాత్రమున చెడ్డదని గాని అనరాదు. ముద్ర వెనుక ఏ పరీక్ష యున్నది, ఆ పరీక్షకు ఎంత సూక్ష్మదృష్టి యున్నది అనునదే అసలు ప్రశ్న. అయితే పాత ఏర్పాటులో ఒక గొప్ప గుణము లేకపోలేదు. ముద్ర కోరిన ప్రతి కర్మాగారమును తన ఆవరణలోనే ప్రయోగశాలను, పరీక్షించు నిపుణులను ఉంచుకొని, నిర్ణీత క్రమములో తయారీని తానే పరీక్షించుకొనవలసియుండెను. ముద్ర పోయినను ఈ ప్రయోగశాల పోరాదు. గుమ్మము తగ్గించుట పేరిట లోపలి దీపమును ఆర్పినచో మార్పు చేసినవారి మంచి ఉద్దేశము కూడ చెడిపోవును.

ఏడాదికొక నమూనా

ఇప్పుడు క్రొత్త ఏర్పాటును పరిశీలింతము. ముందు పరీక్ష కొంత తగ్గించి, తరువాతి కాపలా పెంచుట దీనిలోని ఆలోచన. ఆలోచనలో దోషము లేదు. అనుమతి పొందిననాడు శుభ్రముగా నున్న కర్మాగారము ఆరు నెలలకు వడపోత పొరలు మార్చక అశుభ్రము కావచ్చును గనుక, తరువాతి కాపలాయే నిజమైన కాపలా. కాని ఆ కాపలా ఏడాదికొకసారి యైనచో ఎంత గట్టిది? ఇది అభిప్రాయముతో తేలునది కాదు, లెక్కతో తేలును.

ఒక కర్మాగారములో 100 దినములకు 10 దినములు నీరు చెడుచున్నదనుకొందము. ఏదో యొకనాడు తీసిన ఒక నమూనాలో దోషము బయటపడకుండు సంభావ్యత 0.9. అనగా ఏడాదికొక నమూనా తీసినచో ఆ కర్మాగారము పదింట తొమ్మిది సారులు దొరకక తప్పించుకొనును. నెలకొక నమూనా చొప్పున 12 తీసినచో తప్పించుకొను సంభావ్యత 0.9ను 12 సార్లు హెచ్చించిన విలువ; సుమారు 0.28. నెలకు రెండు చొప్పున 24 తీసిన 0.08. వారమునకొకటి చొప్పున 52 తీసిన 0.004. ఇరువది నాలుగు నమూనాలతో దొంగ దాదాపు దొరికినట్లే. ఒక నమూనాతో దొరకుట అదృష్టము.

ఈ లెక్కలో మరియొక ఊహ దాగియున్నది. నమూనా తీయు దినము యజమానికి ముందుగా తెలియదని లెక్క అనుకొనును. తెలిసినచో ఆనాటి నీరు తేటగానే యుండును. 52 నమూనాలు తీసినను ప్రయోజనము లేదు. ఆడిట్ విషయములో ఇంకొక చిక్కు కలదు. ఆడిట్ చేయువారికి రుసుము చెల్లించునది ఆడిట్ చేయించుకొను సంస్థయే. ఇట్టి ఏర్పాటు అనేక రంగములలో నున్నది. అందరు ఆడిటర్లును అన్యాయము చేయుదురని చెప్పుటకు వీలులేదు. కాని పరీక్షాధికారికి విద్యార్థి తండ్రి జీతమిచ్చు పాఠశాలలో మార్కులను ఊరివారు ఎంత నమ్ముదురో, ఈ ఆడిట్లను అంతే నమ్ముదురు.

ఈ అనుమానమును తొలగించు ఉపాయము ఖర్చులేనిది. ప్రతి నమూనా ఫలితమును, తేదీతోను కర్మాగారము పేరుతోను, ఎల్లరు చూచునట్లు ప్రకటింపవలెను. క్యానుపై ముద్ర చూచి నమ్మిన ప్రజలకు, ముద్ర తీసివేసిన తరువాత చూచుటకు ఏదో యొకటి ఈయవలెను గదా. 2024 మార్పులోని పెద్ద లోటు ఇదే. గుర్తును తప్పనిసరి కాదన్నారు. గుర్తునకు బదులుగా కొనువాని చేతికి సమాచారము అందు మార్గమును దానితోపాటు చూపలేదు.

గాజువాకకు ప్రత్యేకమైన ప్రశ్నలు

చట్టము ఊరూరికి మారదు. నీరు మాత్రము ఊరూరికి మారును. గాజువాక పరిసరములను చూడుడు. విశాఖలో చమురు శుద్ధి కర్మాగారము 1957లో మొదలయ్యెను. ఎరువుల కర్మాగారము 1967లో వచ్చెను. జింకు స్మెల్టరు 1977లో ప్రారంభమై 2012లో మూతపడెను. ఉక్కు కర్మాగారమును 1992 ఆగస్టు 1న జాతికి అంకితము చేసిరి. వీటివలన ఇచ్చటి భూగర్భజలమంతయు చెడినదని తీర్మానించుట శాస్త్రము కాదు. పరీక్షింపవలసిన పదార్థముల జాబితా ఇచ్చట పొడవుగా నుండవలెననుట మాత్రము శాస్త్రమే. పల్లెలోని బోరునీటికి ఫ్లోరైడు, నైట్రేటు ముఖ్యములైనచో, ఇట్టిచోట వాటితోపాటు సీసము, కాడ్మియము వంటి లోహములను కూడ వెదకవలెను. సముద్రము దాపున నున్నది గనుక ఉప్పదనమును చూడవలెను. ఇంతకు ఏలేరు కాలువ నీరు త్రాగువాని ప్రశ్న వేరు, బోరునీరు నింపిన క్యాను కొనువాని ప్రశ్న వేరు. నీటి మూలము పేరు క్యానుపై వ్రాసియున్నచో కొనువానికి సగము సంగతి తెలియును.

వీటన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. ఈ నియమములన్నియు సీలు, చీటి, తయారీ తేదీ గల నీటిని దృష్టిలో నుంచుకొని వ్రాసినవి. వీధిలో తిరుగు క్యానులలో సీలు, చీటి లేనివి ఎన్నియో యున్నవి. కొనువాడు తెచ్చిన డబ్బాలోనే నింపి యిచ్చు దుకాణములును కలవు. సీలువేయు వ్యాపారి రెండు గుమ్మములు ఎక్కుచున్నంతకాలము, సీలు వేయనివాడు ఏ గుమ్మమును ఎక్కనక్కరలేకుండ తప్పించుకొనవచ్చునను దురాశ ఉండనే యుండును. ఈ కోణమునుండి చూచినచో నిజాయితీపరుని దారి సుగమము చేయుట మంచిపనియే. దారి సుగమమైన తరువాత కూడ దారిలోనికి రానివానిని వెదకి తెచ్చుట రెండవ సగము. మొదటి సగమునకు ఒక ఉత్తరువు చాలును. రెండవ సగమునకు మనుష్యులు, బండ్లు, నమూనా సీసాలు, ప్రయోగశాలలు కావలెను.

ఐరోపావారి దారి

కాలమును తగ్గించుటకు వేరొక దారి కలదని ఐరోపా సమాఖ్య అనుభవము చూపుచున్నది. నీటిని తాకు గొట్టములు, కవాటములు, ట్యాంకులు మున్నగు వస్తువులకు అచ్చటి దేశములు వేరువేరు నియమములు ఉంచుకొనెను. ఒక దేశములో పరీక్ష నెగ్గిన గొట్టము పొరుగు దేశములో మరల పరీక్షకు నిలువవలసివచ్చెడిది. 2020లో చేసిన త్రాగునీటి శాసనములో ఈ చిక్కును విప్పిరి. ఏ పదార్థములతో ఆ వస్తువులను చేయవచ్చునో ఉమ్మడి జాబితాలు, ఎట్లు పరీక్షింపవలెనో ఉమ్మడి పద్ధతులు ఏర్పరచి, 2026 డిసెంబరు 31 నుండి అమలు జరుపవలెనని నిర్ణయించిరి. వారు పరీక్షలోని దినములను తగ్గింపలేదు. పరీక్ష జరుగు సారులను తగ్గించిరి. ఒకచోట సరిగా జరిగిన పరీక్షను అంతట ఒప్పుకొనుటయే వారి త్వర. మనదేశములో రెండు సంస్థల నడుమ కావలసినదియు ఇదే. ఒకరు చేసిన పరీక్షను రెండవవారు గౌరవించినచో కాగితపు కాలము పోవును, ప్రకృతి కాలము మిగులును.

పాఠశాలలో చేయదగినది

ఈ విషయము పెద్దలకే వదలవలసినది కాదు. త్రాగునీటి పరీక్షలో వేగమునకు చక్కని ఉదాహరణ ఈ దేశములోనే పుట్టినది. గ్వాలియరులోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు మంజా, మౌర్య, రావు అనువారు 1982లో ఒక చౌకయైన పరీక్షను ప్రకటించిరి. తగిన రసాయనములు పూసిన కాగితపు ముక్క గల శుభ్రమైన సీసాలో నీటిని పోసి, 30 నుండి 37 డిగ్రీల వద్ద ఒక రాత్రి, పగలు ఉంచవలెను. మలసంబంధమైన సూక్ష్మజీవులున్నచో అవి హైడ్రోజను సల్ఫైడును పుట్టించును. అది ఇనుముతో కలిసి నల్లని ఐరను సల్ఫైడగును. నీరు నల్లబడును. గాజువాక వాతావరణమునకు వేరే యంత్రము కూడ అక్కరలేదు. వేసవిలో తరగతి గది అలమారు చాలును.

ఉపాధ్యాయులు ఈ సీసాలను తెప్పించి, విద్యార్థులచే కుళాయి నీటిని, క్యాను నీటిని, బోరు నీటిని వారమునకొకసారి పరీక్షింపజేసి, తేదీలతో గోడపట్టికలో వ్రాయింపవచ్చును. నల్లబడిన సీసాను పిల్లలు తాకరాదు. ఉపాధ్యాయుడే బ్లీచింగు ద్రావణము పోసి పారవేయవలెను. ఈ పరీక్షకు హద్దులు కలవు. నీటిలో ముందే గంధకపు వాయువు ఉన్నచో సూక్ష్మజీవులు లేకున్నను నల్లబడవచ్చును. నల్లబడలేదు గనుక సీసము లేదని, క్రిమిసంహారకము లేదని అనుకొనరాదు. అది చూపునది అది చూపును, మిగిలినది చూపదు. ఈ హద్దును పట్టికపైనే వ్రాసిన విద్యార్థి, 2003లో కనబడనిదానిని లేదని వ్రాసినవారికంటె మంచి పరీక్షకుడగును.

2024 మార్పును గూర్చి తుదితీర్పు చెప్పవలసినవి కూడ ఇట్టి పట్టికలే. ఎన్ని లైసెన్సులు ఎంత త్వరగా ఇచ్చిరను లెక్క సగము లెక్క. ఎన్ని నమూనాలు తీసిరి, ఏవి తప్పినవి, తప్పినవారిని ఏమిచేసిరి అనునది తక్కిన సగము. బల్లపైన కాగితమును ఎంత వేగముగానైనను నడుపవచ్చును. పోషకపు పళ్ళెములోని సూక్ష్మజీవికి మాత్రము దాని 72 గంటలు దానికి ఈయవలెను. గాజువాక వీధిలో క్యాను దించుకొను ఇల్లాలు అడుగకపోయినను, ఆమెకు రావలసిన జవాబు అదే.